వేగం పెంచినా కడ్డీ అణువులు ప్రవాహదిశకు ఎందుకు కుదురుకోవడం లేదు? (హెచ్‌పీసీ ద్రవ స్ఫటిక ద్రావణం)

గాజుపలక (ప్రశ్న):

నమస్కారం. నేను పాలిమర్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నాను. ద్రవ స్ఫటిక పాలిమర్లలోని కడ్డీల వంటి అణువులు షియర్ ప్రవాహంలో (ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి జారే ప్రవాహంలో) ఏ విధంగా వరుస కడతాయన్నది నా ప్రాజెక్టు విషయం. కెవ్లార్ జాతి పాలిమర్లను కరిగించడానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. మా ప్రయోగశాలలో దానికి అనుమతి లేదు. అందుచేత నీటిలోనే కరిగే హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను, అంటే హెచ్‌పీసీని ఎంచుకున్నాను. మాత్రలలో పొడిని పట్టి ఉంచే బైండర్‌గా వాడే పదార్థమే ఇది కాబట్టి, హైదరాబాద్‌లో మందుల పరిశ్రమలో పనిచేస్తున్న మా సీనియర్ ఒకరు అర కిలో డబ్బా ఇప్పించారు.

బరువు లెక్కన సగం పొడి, సగం నీరు కలిపిన ద్రావణాన్ని బుడగలు పోయేవరకు మూత బిగించి పది రోజులు పక్కన పెట్టి, 25 మిల్లీమీటర్ల వ్యాసం, 2 డిగ్రీల కోణం ఉన్న కోన్ కింద రియోమీటర్‌లో (ద్రవాన్ని తిప్పి దాని ప్రవాహ గుణాలను కొలిచే యంత్రంలో) పరీక్షించాను. కాలువలో పడిన గడ్డిపరకలు నీటి వాలుకు తిరిగినట్లుగా, వేగం పెంచేకొద్దీ అణువులన్నీ ప్రవాహదిశకు తిరిగి, స్నిగ్ధత (ద్రవం చిక్కదనం) ఒకే తీరుగా తగ్గుతూ పోతుందని అనుకున్నాను. కానీ స్నిగ్ధత మొదట తగ్గి, ఆ తరువాత షియర్ రేటును (పొరలు ఎంత వేగంగా జారుతున్నాయన్న కొలతను) పది రెట్లు పెంచినా దాదాపు కదలకుండా నిలబడి, ఆపైన మళ్లీ తగ్గడం మొదలుపెట్టింది. నిలబడిన ఆ మధ్య భాగంలో అణువులు ఏం చేస్తున్నట్లు?

రెండో సందేహం. నిశ్చలంగా ఉన్న ద్రావణాన్ని ఒక్కసారిగా తిప్పడం మొదలుపెడితే ప్రతిబలం (వైశాల్యం లెక్కన ద్రవం చూపే బలం) నేరుగా స్థిరపడకుండా పైకీ కిందికీ ఊగి, ఊపు తగ్గుతూ, చివరకు కుదురుకుంటోంది. కాలానికి బదులు షియర్ రేటును కాలంతో గుణించి, అంటే మొత్తం వికృతిని (ద్రవం ఎంత జారిందన్న కొలతను) అడ్డు అక్షం మీద వేస్తే, వేర్వేరు వేగాల వద్ద గీసిన గీతలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుంటున్నాయి. శిఖరానికీ శిఖరానికీ మధ్య వికృతి సుమారు 30.

మూడోది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది. ఒక వేగ పరిధిలో కోన్ మీద పడే లంబ బలం ఋణాత్మకంగా, సుమారు 0.1 న్యూటన్ చూపిస్తోంది. పాలిమర్ ద్రావణాలు పలకలను ఎడంగా తోస్తాయని చదువుకున్నాను. ఇది దగ్గరకు లాగుతోంది. యంత్రం పాడైందని మా గైడు గారు, నా లోడింగ్ (నమూనాను యంత్రంలో పెట్టిన తీరు) బాగాలేదని ల్యాబ్ టెక్నీషియన్ గారు అంటున్నారు. పెద్దలు దయచేసి వివరించగలరు.

పిచికారీ (జవాబు):

ద్రావణం అంత చిక్కగా ఉన్నప్పుడు పలకల వద్ద జారుడు ఏర్పడే అవకాశం ఎక్కువ. ఊగిసలాట కూడా దానివల్లే కావచ్చు. వేగాన్ని ఇంకా పెంచి చూడండి. పొడవాటి అణువులు ఎంత వేగానికి అంత చక్కగా ప్రవాహదిశకు తిరగడం అన్ని పాలిమర్ల విషయంలోనూ ఉన్నదే కదా.

తేటనీరు (జవాబు):

పిచికారీ గారు చెప్పినది మామూలు పాలిమర్ల విషయంలో నిజమే. అక్కడ అణువు విశ్రాంతిలో ఉండలా చుట్టుకొని ఉంటుంది, ప్రవాహం దాన్ని సాగదీస్తుంది. ద్రవ స్ఫటిక పాలిమర్‌లో మాత్రం అణువులు ప్రవాహం రాకముందే గుంపులుగా వరుస కట్టి ఉంటాయి. కాబట్టి ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి. ముందే వరుసలో ఉన్న గుంపును షియర్ ఏం చేస్తుంది? గాజుపలక గారూ, మీరు చూసిన మూడింటికీ మూలం ఒక్కటే. షియర్ అణువులను కుదురుగా నిలపదు, దొర్లిస్తుంది.

కొత్త పేకకట్టను బల్ల మీద పెట్టి, పై ముక్క మీద అరచెయ్యి ఆనించి ముందుకు తోయండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి జారి కట్ట ఏటవాలుగా ఒరుగుతుంది. తోయకముందు కట్ట పక్కన పెన్నుతో ఒక గుండ్రని సున్నా గీసి ఉంచితే, తోసిన తరువాత అది ఏటవాలుగా సాగిన కోడిగుడ్డు ఆకారమవుతుంది. అంటే షియర్‌లో ఒక సాగతీత ఉంది. అయితే ఆ సాగిన గుడ్డు తోసేకొద్దీ తన పొడవు దిశను కూడా మార్చుకుంటూ బల్ల వైపు వాలుతుంది. అది భ్రమణం. లెక్క కడితే షియర్ రేటులో సరిగ్గా సగం 45 డిగ్రీల దిశలో సాగదీయడానికీ, మిగతా సగం అందులో ఉన్నదాన్నల్లా గిరగిరా తిప్పడానికీ పోతుంది. సాగతీత కడ్డీని ఒక దిశలో నిలపాలని చూస్తుంటే, భ్రమణం దాన్ని ఆ దిశ నుంచి తప్పిస్తూ ఉంటుంది. షియర్‌లో ఈ రెండూ సమానం కావడమే అసలు చిక్కు.

ముందు ఒంటరి కడ్డీని చూద్దాం. 1922లో జెఫరీ అనే శాస్త్రవేత్త జిగట ద్రవంలో తేలే దీర్ఘగోళాకార రేణువు షియర్‌లో ఎలా కదులుతుందో లెక్క కట్టి చూపించారు. మందం అసలే లేని గీత వంటి కడ్డీ అయితే ప్రవాహదిశకు వచ్చి ఆగిపోతుంది. ఏ కొంచెం మందం ఉన్నా ఆగదు. ప్రవాహదిశలో పడుకున్నప్పుడు కూడా దాని పైఅంచును తాకే ద్రవం కిందిఅంచును తాకే ద్రవం కన్నా వేగంగా పోతుంది కాబట్టి, మెల్లగా తిప్పే బలం ఒకటి మిగిలే ఉంటుంది. పొడవు మందానికి పది రెట్లు ఉన్న కడ్డీకి సెకనుకు 1 చొప్పున షియర్ రేటు ఇస్తే, ఒక పూర్తి చుట్టుకు సుమారు 63 సెకన్లు పడుతుంది. ఆ 63 సెకన్లలో దాదాపు మూడింట రెండు వంతుల కాలం అది ప్రవాహదిశకు అటూ ఇటూ పది డిగ్రీలలోపే గడిపి, మిగతా కోణాలన్నిటినీ ఒక్క పల్టీలో దాటేస్తుంది. కాలువలో గడ్డిపరకలు వాలుకు తిరిగి ఉన్నాయని మీకు అనిపించడానికి ఇదీ ఒక కారణమే. ఏ క్షణాన చూసినా ఎక్కువ పరకలు ఆ దిశకు దగ్గరలోనే ఉంటాయి. ఒక్క పరకనే కన్నార్పకుండా చాలాసేపు గమనిస్తే అది పల్టీ కొట్టడం కనిపిస్తుంది.

ఇప్పుడు గుంపు దగ్గరకు వద్దాం. గాఢత పెరిగినప్పుడు కడ్డీలు ఒకదానికొకటి అడ్డు తగలకుండా ఉండడానికే సమాంతరంగా సర్దుకుంటాయని ఆన్‌సాగర్ 1949లో చూపించారు. ఆకర్షణ బలమేదీ అక్కరలేదు, ఇరుకు చాలు. ఆ సర్దుబాటు ఎంత బిగువుగా ఉందో క్రమ పరామితి చెబుతుంది. పూర్తిగా చిందరవందరగా ఉంటే దాని విలువ 0, అన్నీ సమాంతరంగా ఉంటే 1. గుంపు మొత్తం చూపే సగటు దిశను డైరెక్టర్ అంటారు. షియర్‌లో ఈ డైరెక్టర్ ఎలా తిరుగుతుందో ఎరిక్సన్, లెస్లీల సిద్ధాంతం ఒక చిన్న సమీకరణంలో చెబుతుంది. అందులో కీలకమైనది లాంబ్డా అనే ఒకే ఒక్క సంఖ్య. సాగతీతకు డైరెక్టర్ ఎంత లొంగుతుందో, భ్రమణంతో పోల్చి ఆ సంఖ్య చెబుతుంది. లాంబ్డా 1 కన్నా ఎక్కువైతే సాగతీత గెలిచి, డైరెక్టర్ ప్రవాహదిశకు కొద్ది డిగ్రీల దూరంలో, లెస్లీ కోణం అనే చోట స్థిరంగా నిలబడిపోతుంది. 1 కన్నా కొంచెం తక్కువైనా సరే, నిలబడడానికి కోణమే దొరకదు. ఎక్కడ ఆగబోయినా భ్రమణం నెట్టుకుపోతుంది. చిన్న అణువుల నెమాటిక్ ద్రవాలలో (అణువులు మెలిక లేకుండా ఒకే దిశకు వరుస కట్టే ద్రవ స్ఫటికాలలో) చాలావాటికి లాంబ్డా 1 దాటి ఉంటుంది. బిగువుగా వరుస కట్టిన కడ్డీ పాలిమర్ ద్రావణాలలో అది 1 కన్నా కొంచెం దిగువనే ఉంటుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, తమలో తాము ఎంత బాగా వరుస కడితే అంతగా ఆ గుంపు ఒంటరి కడ్డీలా ప్రవర్తించి దొర్లుతుంది.

మీ మొదటి సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. మీ నమూనాలో డైరెక్టర్ అంతటా ఒకే దిశలో లేదు. మైక్రాన్ల పరిమాణంలో ఉన్న డొమైన్లు, ఒక్కొక్కటి ఒక్కొక్క దిశ చూపిస్తూ, ఇరుగుపొరుగుగా కిక్కిరిసి ఉన్నాయి. షియర్ రేటును రెట్టింపు చేస్తే అవన్నీ రెట్టింపు వేగంతో దొర్లుతాయి, అంతే. ఏ క్షణంలో ఎన్ని డొమైన్లు ఏ కోణంలో ఉన్నాయన్న పంపకం మారదు, ఎందుకంటే దొర్లుడుకు షియర్ రేటు తప్ప తనదంటూ వేరే గడియారం లేదు. డొమైన్లు చిన్నవవుతాయి గానీ సగటు అమరిక అలాగే ఉంటుంది. అమరిక మారనప్పుడు స్నిగ్ధత మారడానికి కారణమే లేదు. మీరు చూసిన మూడు భాగాలను ఒనోగీ, అసాడా 1980లో ఒకటి, రెండు, మూడు ప్రాంతాలుగా వర్గీకరించారు. నిలబడిన భాగం రెండోది. మొదటి ప్రాంతంలో డొమైన్ల మధ్య లోపాలూ, హెచ్‌పీసీకి సహజంగా ఉండే మెలిక అమరికా పాత్ర వహిస్తాయి. దాని గురించి నేను ధైర్యంగా ఏమీ చెప్పను, నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం తక్కువ. మూడో ప్రాంతంలో మాత్రం కథ మారుతుంది. అక్కడ అణువు తనంతట తాను దిశ మార్చుకోవడానికి పట్టే కాలం కన్నా ప్రవాహం వేగవంతమవుతుంది. అంటే రెండో గడియారం ఒకటి ఆటలోకి వస్తుంది.

ఊగిసలాట కూడా దీని కొనసాగింపే. తిప్పడం మొదలుపెట్టగానే డొమైన్లన్నీ ఇంచుమించు కలిసి దొర్లుతాయి కాబట్టి ప్రతిబలం ఊగుతుంది. కాసేపటికి ఒకటి ముందు, ఒకటి వెనుక పడి అడుగు తప్పడంతో ఊపు సద్దుమణుగుతుంది. పలకల వద్ద జారుడు అయితే వేర్వేరు వేగాల గీతలు వికృతి మీద ఇంత చక్కగా ఒకటి కావు, కనుక ఆ అనుమానం వదిలేయవచ్చు. మీ 30 అంకెతో ఒక చిన్న లెక్క కట్టవచ్చు. డైరెక్టర్‌కు తలా తోకా తేడా లేదు కాబట్టి సగం చుట్టు తిరిగితే మొదటి స్థితే. ఆ సగం చుట్టుకు కావలసిన వికృతి, 2π ని, 1 నుంచి లాంబ్డా వర్గాన్ని తీసివేసిన దాని వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. అది 30 కావాలంటే లాంబ్డా సుమారు 0.98 ఉండాలి. పది రెట్ల పొడవున్న ఒంటరి కడ్డీకి వచ్చే విలువకు ఇది దగ్గరగా ఉందని చూసి, మీ అణువు పొడవు మందానికి పది రెట్లని నివేదికలో రాయకండి. గుంపు లాంబ్డాలో క్రమ పరామితి కూడా కలిసి ఉంటుంది.

ఇక ఋణాత్మక లంబ బలం. మీ యంత్రం పాడవలేదు. 0.1 న్యూటన్‌ను మీ కోన్ వైశాల్యానికి మారిస్తే మొదటి లంబ ప్రతిబల భేదం (ప్రవాహదిశలోని ప్రతిబలానికీ, పలకలకు లంబంగా ఉన్న ప్రతిబలానికీ మధ్య తేడా) సుమారు మైనస్ 400 పాస్కల్ అవుతుంది. తిరిగే ద్రవం జడత్వం వల్ల కూడా కోన్ కిందికి లాగబడుతుంది నిజమే గానీ, మీ కొలతలకు సెకనుకు 100 షియర్ రేటు వద్ద కూడా అది 0.1 మిల్లీన్యూటన్ దాటదు, అంటే మీ అంకెలో వెయ్యో వంతు కూడా లేదు. ఈ ఋణ విలువను 1978లో కిస్, పోర్టర్ మెటా క్రెసాల్‌లో కరిగించిన పాలీబెంజైల్ గ్లూటమేట్‌లో మొదట గమనించారు. దానికి అర్థం చెప్పడానికి పదేళ్లు పట్టింది. 1989లో మరూచ్చీ, మఫెటోనే ఒకే తలంలో తిరిగే కడ్డీలకు లెక్క కట్టి, మరుసటి ఏడాది లార్సన్ మూడు దిశలలోనూ లెక్క కట్టి కారణం చూపించారు.

సూత్రం ఇది. దొర్లే డైరెక్టర్ ఒకసారి సాగతీత వైపు, ఒకసారి దానికి ఎదురుగా నొక్కుడు వైపు తిరుగుతుంది. సాగతీత వైపు ఉన్నప్పుడు ప్రవాహం కడ్డీల వరుసను ఇంకా బిగిస్తుంది. నొక్కుడు వైపు ఉన్నప్పుడు వరుసను చెదరగొడుతుంది. వేగం తక్కువగా ఉన్నంతకాలం అణువులు వెంటనే సర్దుకుంటాయి. వేగం ఒక స్థాయికి చేరాక సర్దుకోవడానికి వ్యవధి చాలక, సగటున వరుస తన సహజ స్థితి కన్నా వదులుగా ఉండిపోతుంది. మామూలు పాలిమర్ అతిగా వరుస కట్టబడి వెనక్కి వదులు కావాలని చూస్తూ పలకలను ఎడం చేస్తుంది. ఇక్కడ అతిగా వదులైన గుంపు తిరిగి బిగుసుకోవాలని చూస్తూ పలకలను దగ్గరకు లాగుతుంది. వేగం మరీ పెంచితే దొర్లుడు ఆగి, డైరెక్టర్ ఒక సగటు కోణం చుట్టూ అటూ ఇటూ ఊగడంతో సరిపెట్టుకుంటుంది. ఇంకా పెంచితే నిలబడిపోతుంది. అప్పుడు లంబ బలం మళ్లీ ధనాత్మకమవుతుంది. ధనం, ఋణం, మళ్లీ ధనం అనే ఈ క్రమం కనిపించిందంటే మీ పదార్థం దొర్లే జాతి అనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. పిచికారీ గారు ఆశించిన చక్కని అమరిక చివరకు వస్తుంది, కాకపోతే ఇంత దూరం నడిచాక.

మీ టెక్నీషియన్ గారి మాటను మాత్రం తీసి పారేయకండి. ఇంత చిక్కని ముద్దను కోన్ కింద నొక్కినప్పుడు మిగిలిపోయే బలం చాలాసేపు సడలదు. లంబ బలం సున్నా దగ్గర నిలకడ పడేవరకు ఆగి, అప్పుడు కొలవండి. అంచున నీరు ఆవిరై పెచ్చు కట్టకుండా తడి దూది ఉంచిన మూత పెట్టండి. 40 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వెళ్లకండి, హెచ్‌పీసీ నీటిని వదిలి తెల్లగా విరిగిపోతుంది.

సన్నగోడ (జవాబు):

నేను ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో ఉన్నాను, సమీకరణాలు నాకు అంతగా రావు. అయినా తేటనీరు గారు చెప్పిన సాగతీత, భ్రమణం అనే తేడాను మేము రోజూ చేత్తో తాకి చూస్తాం కాబట్టి రాస్తున్నాను. మేము వాడేది కరిగించి పోసే రకం ద్రవ స్ఫటిక పాలిమర్. వెక్ట్రా పేరుతో 1980లలో మార్కెట్లోకి వచ్చిన జాతి అది, సుమారు 280 డిగ్రీల వద్ద కరుగుతుంది. సెల్‌ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే సన్నని కనెక్టర్లు దీనితో చేస్తారు. కరిగినప్పుడు నీళ్లలా పారి, వెంట్రుకంత సందులోకి కూడా వెళుతుంది.

ఒక విరిగిన ముక్కను తీసుకొని బ్లేడుతో అంచు లేపితే, పైపొర అరటి దవ్వ నుంచి నార లాగినట్లు పొడవుగా ఊడి వస్తుంది. లోపలి భాగం అలా రాదు. పైపొరలో అణువులు ప్రవాహదిశలో బిగుసుకొని ఉంటాయి, నడి భాగంలో చాలాసార్లు అడ్డంగా కూడా ఉంటాయి. అచ్చులో ద్రవం ముందుకు పోయేటప్పుడు దాని మొనలో నడిమి ద్రవం ఊటలా పైకి పొంగి గోడల వైపు విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడంలో అణువులు సాగి, చల్లని గోడను తాకగానే అక్కడే గడ్డకట్టిపోతాయి. దొర్లడానికి వ్యవధి దొరకదు. నడి భాగంలో ఇరుకు గేటు (అచ్చులోకి ద్రవం ప్రవేశించే ద్వారం) నుంచి వెడల్పు గదిలోకి వచ్చిన ద్రవం పక్కలకు సాగడంతో అణువులు అడ్డం తిరుగుతాయి. గోడ సన్నబడేకొద్దీ పైపొర వాటా పెరుగుతుంది కాబట్టి, సన్నని ముక్క మందపాటి ముక్క కన్నా మిల్లీమీటరు లెక్కన బలంగా ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ నుంచి వచ్చినవారికి ఇది మింగుడుపడదు.

ఒకసారి మా వద్ద పొడవాటి కనెక్టర్‌కు గేటును పొడుగు పక్క మధ్యలో పెట్టారు. ముక్కలు అచ్చు నుంచి వచ్చిన గంటలోపే కాలిన అప్పడంలా వంకర తిరిగాయి. చల్లారేటప్పుడు ప్రవాహదిశలో కుదింపు దాదాపు శూన్యం, అడ్డదిశలో దానికి ఎన్నో రెట్లు కావడమే కారణం. పైగా రెండు వైపుల నుంచి వచ్చిన మొనలు కలిసిన అతుకు గీత వద్ద వేలితో వంచితే టక్కున విరిగేది, ఎందుకంటే ఆ గీతకు ఇరువైపులా అణువులు గీత వెంబడే పడుకుంటాయి, గీతను దాటి ఒక్కటీ అవతలికి పోదు. గేటును పొడవు చివరకు మార్చి, 30 శాతం గాజు నార కలిపిన రకానికి వెళ్లాక సర్దుకుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. మామూలు ప్లాస్టిక్‌లో గాజు నార కలిపితే దిశాభేదం పెరుగుతుంది, దీనిలో కలిపితే తగ్గుతుంది.

తేటనీరు (జవాబు):

సన్నగోడ గారి నార పోలికకు ధన్యవాదాలు, ఎక్స్‌రే చిత్రం చూపించినా ఇంత తేటగా అర్థం కాదు. అరిసెలకు పాకం పట్టేటప్పుడు రెండు వేళ్ల మధ్య లాగి తీగ వచ్చిందా అని చూస్తాం. ఆ లాగుడులో భ్రమణం లేదు, ఉన్నదంతా సాగతీతే. అటువంటి ప్రవాహంలో దొర్లే జాతి, నిలబడే జాతి అన్న తేడా ఉండదు, అన్నీ ఒకే దిశకు వచ్చి ఆగుతాయి. కెవ్లార్ దారం రహస్యంలో సగం ఇదే. 1965లో డ్యూపాంట్ ప్రయోగశాలలో స్టెఫానీ క్వోలెక్ ఆ జాతి ద్రావణాన్ని మొదటిసారి తయారుచేసినప్పుడు అది పలుచగా, మబ్బుగా ఉంది. వడికే యంత్రం చూసుకునే సహోద్యోగి రంధ్రాలు పూడుకుపోతాయని దాన్ని పెట్టడానికి వెనుకాడారు. తరువాతి రోజులలో స్థిరపడిన పద్ధతిలో, ద్రావణం సన్నని రంధ్రం నుంచి బయటికి వచ్చి నీటిలో పడేముందు కొద్దిపాటి గాలి ఖాళీలో సాగుతుంది. రంధ్రంలోని షియర్ మిగిల్చిన చిందరవందర ఆ సాగుడులో తీరిపోతుంది.

గాజుపలక (ప్రశ్నకర్త):

అందరికీ కృతజ్ఞతలు. మూత పెట్టి, లోడింగ్ తరువాత గంటన్నర ఆగి మళ్లీ కొలిచాను. ఋణ విలువ ఉన్న వేగ పరిధి కదలలేదు, దానికి రెండు వైపులా ధన విలువలు కూడా వచ్చాయి. మా గైడు గారు గ్రాఫును రెండుసార్లు తిప్పి చూసి, యంత్రం బాగు చేయించే దరఖాస్తును వెనక్కి తీసుకున్నారు.

ఇంకొక సందేహం. 60 శాతానికి పైగా చిక్కబరిచిన ద్రావణం సీసాలో ఒక కోణంలో ఎర్రగా, వంచి చూస్తే పచ్చగా మెరుస్తుంది. దాన్ని రెండు గాజు పలకల మధ్య పెట్టి పై పలకను జరిపితే రంగు మాయమవుతుంది. అంతవరకు సరే. కానీ పలకను ఆపిన తరువాత అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ల మధ్య సూక్ష్మదర్శినిలో చూస్తే, జరిపిన దిశకు లంబంగా నల్లని, తెల్లని చారలు వస్తున్నాయి. జరుపుతున్నంతసేపూ అవి లేవు. ప్రవాహం ఆగిన తరువాత అమరిక రావడం ఏమిటి?

తేటనీరు (జవాబు):

రంగుకు కారణం అణువుల మెలిక. హెచ్‌పీసీ నీటిలో ద్రవ స్ఫటికం అవుతుందని వెర్బోవిజ్, గ్రే 1976లో చెప్పినప్పుడు వారి దృష్టిని ఆకర్షించినది కూడా ఆ మెరుపే. ఒక పొరలోని దిశకూ పై పొరలోని దిశకూ కొద్ది తేడా ఉంటూ, మొత్తం మెట్లబావిలా చుట్టు తిరుగుతుంది. ఒక చుట్టు పొడవు కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరైనప్పుడు ఆ రంగు వెనక్కి మెరుస్తుంది. షియర్ ఆ మెలికను విప్పేస్తుంది, రంగు పోతుంది. నేను మొదట రాసిన సిద్ధాంతమంతా మెలిక లేని నెమాటిక్ కడ్డీలకు చెప్పినదేనని, హెచ్‌పీసీ అణువు కూడా సూదిలా బిర్రుగా కాక కాస్త వంగగలిగినదేనని నివేదికలో తప్పక రాయండి. మెలిక విడిపోయిన వేగాల వద్ద అంకెలు పోలి ఉంటాయి, నెమ్మది వేగాల వద్ద పోలి ఉండవు.

చారలు ప్రవాహం నాటివి కావని మీరు సరిగ్గానే గమనించారు. వేగంగా జరిపినప్పుడు ప్రవాహదిశలో బిగుసుకున్న అణువులలో స్థితిస్థాపక శక్తి నిలవ ఉంటుంది. పలక ఆగగానే అది వదులుకావాలి, కానీ అణువులు పక్కకు పోవడానికి చోటు లేదు. అందుకని డైరెక్టర్ ప్రవాహదిశకు ఈ పక్కకు కొంచెం, ఆ పక్కకు కొంచెం వంగుతూ పాము నడకలా వంకరలు తిరుగుతుంది. ఒకే వైపు వంగిన భాగాలన్నీ పక్కపక్కన వరుసగా చేరడంతో పోలరాయిడ్ల మధ్య అడ్డచారలుగా కనిపిస్తుంది. ఒక స్థాయికి మించిన వేగంతో, కొంత కనీస కాలం జరిపితేనే ఇవి వస్తాయి. ఆపాక ఏం జరుగుతుందన్నది కూడా పదార్థాన్ని బట్టి మారుతుంది. పాలీబెంజైల్ గ్లూటమేట్ ద్రావణాలలో ప్రవాహం ఆగిన తరువాత సగటు అమరిక ఇంకా మెరుగుపడుతుంది, మీ హెచ్‌పీసీలో క్రమంగా చెదిరిపోతుంది. కాబట్టి ఆపిన తరువాత తీసిన ఫొటోను చూపి ప్రవాహంలోని అమరిక ఇది అని వాదించకండి. వీలైతే పలక కదులుతుండగానే పోలరాయిడ్లను 45 డిగ్రీలకు తిప్పి, దాటివచ్చే వెలుగును వీడియో తీయండి.

గాజుపలక (ప్రశ్నకర్త):

నిన్న సాయంత్రం వీడియో తీశాను. పలక కదులుతున్నంతసేపూ వెలుగు సమంగా ఉంది. ఆపిన కొద్ది సెకన్లకు చారలు అంచుల నుంచి కాకుండా అన్నిచోట్లా ఒకేసారి తేలాయి, ఆ తరువాత వెడల్పవుతూ మసకబారాయి. పలకల చుట్టూ గ్రీజు పూసి బల్ల మీదే వదిలి వెళ్లాను. ఈ ఉదయం వచ్చి చూస్తే చారలు లేవు, గాజు మధ్యలో ఎర్ర రంగు మళ్లీ వచ్చింది, నేను వేలితో నొక్కిన ఒక్క మూల తప్ప.